ఉట్టిలో ఫోన్

రిటైరైన నర్సమ్మ నోరు విప్పితే పురుళ్ళ కబుర్లే చెబుతుందని అందరూ అనుకుంటారు. ముప్పైమూడేళ్ళ ఉద్యోగంలో నా చేతుల మీదుగా ఎంతమంది భూమ్మీద పడ్డారో నాకూ తెలియదు, అడగొద్దు. నేను చెప్పబోయేది ఒక సెల్‌ఫోన్ పెరుగుకుండలో పడిన సంగతి. ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలకు ఇది చెప్పడం మొదలుపెడితే, పెరుగు అనగానే కిసుక్కుమన్నారు. నవ్వండమ్మా, నవ్వండి. ఆ పూట నేను మాత్రం గడప మీద కూలబడ్డాను.

అప్పట్లో మాది గోదావరి గట్టు మీద ఊరు. గట్టుకు ఇవతల నాలుగు ఊళ్ళు, అవతల పాయ దాటితే ఏటి మధ్యన ఒక లంక, అన్నీ నా కిందే. సెల్‌ఫోన్లు పెద్దవాళ్ళ జేబుల్లోంచి మామూలు జనం చేతుల్లోకి అప్పుడప్పుడే దిగుతున్నాయి. మా ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ కొత్త ఫోన్ కొనుక్కుని, పాతది నా చేతిలో పెట్టింది.

"నీకిస్తున్నానని మురిసిపోకు. ఇది కడుపుతో ఉన్నవాళ్ళది. నీ దగ్గర ఉంచుతున్నానంతే. పాడుచేశావో, ఊరుకోను" అంది.

ఊరుకోదని నాకు బాగా తెలుసు. మా తోటి నర్సు ఒకామె రిజిస్టరు వానలో తడిపేస్తే, నెలవారీ మీటింగులో అందరి ముందూ నిలబెట్టి, ఆ అలికిపోయిన పేజీలే చదివించింది. పాపం ఆవిడ చదవలేక ఏడుస్తుంటే మేమంతా నేల చూపులు చూశాం. డాక్టరమ్మ మనసు మంచిదే. నోరే కొరివి.

కార్డు మీద నంబరు రాసిస్తే జనం దాన్ని భద్రంగా ట్రంకుపెట్టె అడుక్కి చేర్చేస్తారు. అందుకని నేను నెలలు నిండుతున్న ప్రతి ఇంటికీ వెళ్ళి, పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో పెద్ద పెద్ద అంకెలు రాసొచ్చాను. తలనొప్పి వచ్చినా, కళ్ళు బైర్లు కమ్మినా, ఒళ్ళు ఉబ్బినా ఆ నంబరుకు చేయండి, నేను వచ్చేస్తాను అని చెప్పాను. అలా చెబుతుంటే నాకే ఎంతో గొప్పగా ఉండేది. అంతకుముందు వారానికోసారి గుమ్మం గుమ్మం తిరిగేదాన్ని. ఫోన్ వచ్చాక పదిహేను రోజులకోసారి అయింది. ఏదైనా అయితే చేస్తారు కదా!

చిక్కల్లా సిగ్నల్‌తోనే. మా ఊళ్ళో దానికి ఎక్కడా నిలకడ లేదు. నేను ఫోన్ పట్టుకుని ఇల్లంతా గిరగిరా తిరిగి, పెరడంతా తిరిగి, చివరికి వసారాలో ఒక్కచోట కనిపెట్టాను. అక్కడైనా నేల మీద కాదు, మనిషెత్తున. సరిగ్గా ఆ ఎత్తులోనే మా అత్తగారి ఉట్టి వేలాడుతుంది. పిల్లి బారిన పడకుండా ఆవిడ పెరుగుకుండ అందులో పెట్టుకునేది. నేను ఆ కుండ మూత మీద ఫోన్ పెట్టడం మొదలుపెట్టాను.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. మా ఆవిడ ఉట్టెక్కి రాజమండ్రితో మాట్లాడుతోంది" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

అంగన్‌వాడీలోనూ సిగ్నల్ ఉండదు కాబట్టి టీకాల రోజుల్లో ఫోన్ ఇంట్లోనే వదిలి వెళ్ళేదాన్ని. మోగితే పచ్చ మీట నొక్కి "ఎవరండీ" అని కేకేయడం అత్తగారికి నేర్పాను. ఆవిడ కుండకు నోరు ఆనించినట్టు నిలబడి అరిచేది. పద్ధతి బాగానే నడిచింది.

ఇక ఆ లంక మనిషి సంగతి. ఆమెకు అది మూడో కానుపు. మొదటిసారి ఎనిమిదో నెలలో గుర్రపువాతం వచ్చింది. అంటే బీపీ పెరిగి ఫిట్స్ రావడం. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. రెండోది కడుపులోనే పోయింది. ఈసారి ఏడో నెల నుంచే కాళ్ళు ఉబ్బుతున్నాయి. ఇవతలి గట్టున ఎవరింట్లోనైనా ఉంచండి, వరద రాకముందే దాటించేయండి అని మొత్తుకున్నాను.

"అమావాస్య ఎల్లనివ్వండి నర్సమ్మగారూ, పాడ్యమి దాటాక తీసుకొచ్చేత్తాం" అన్నాడు ఆమె భర్త. అరటితోటలో పనిచేసే మనిషి, పెళ్ళామంటే ప్రాణం. "మీ నంబరు గోడ మీదుంది కదండి. కొట్టు దగ్గర కాయిన్ బాక్సుంది. నాకేం బెంగ లేదండి."

ఆమె మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఫోన్ చేత్తే తప్పకుండా వత్తారు కదండి?" అని అడిగింది.

"నిద్దట్లోనైనా లేచొస్తాను" అన్నాను. ఆ మాట తర్వాత నన్ను చాలా పొడిచింది.

అమావాస్య ఇంకా మూడు రోజులుందనగా ఆరోగ్య కేంద్రంలో మీటింగ్ జరిగింది. మధ్యలో నా ఫోన్ గట్టిగా మోగితే డాక్టరమ్మ కళ్ళెర్ర చేసింది. నేను గాభరాపడి దాని నోరు నొక్కేశాను. మోగకుండా వణకడానికి మాత్రం పెట్టాను. తిరిగి మామూలుగా పెట్టడం మరిచిపోయాను. అంతే నా తప్పు, వేలితో ఒక్కసారి నొక్కాల్సిన పని. మర్నాడు బుధవారం, టీకాల రోజు. పొద్దున్నే ఫోన్‌ను మూత మీద పెట్టి వెళ్ళిపోయాను.

ఒంటిగంటకు ఇంటికొచ్చేసరికి మా ఆయన భోజనానికి కూర్చున్నాడు. ఆయన రైసుమిల్లులో గుమాస్తా. గుమ్మం పక్కన ఒక తోటకూర కట్ట, ఒక గోంగూర కట్ట పడున్నాయి. అత్తగారు నన్ను చూస్తూనే నవ్వుముఖంతో ఎదురొచ్చింది.

"అమ్మాయ్, నీ ఫోను పెరుగులో పడింది. వాడికి పెరుగు వేద్దామని గరిటె పెడితే టంగుమని తగిలింది. ఏం బెంగపడకు, శుభ్రంగా కడిగేశాను."

"కడిగేశారా?"

"మరి కంపు కొట్టదూ? కుంకుడురసంతో రెండుసార్లు తోమి, వడియాల పక్కన ఎండలో పెట్టాను. నిగనిగలాడుతోంది, చూసుకో."

నిజమే, నిగనిగలాడుతోంది. పెరట్లో చాప మీద, గుమ్మడి వడియాల వరసలో, వాటిల్లో ఒకటిలాగా పడుంది. తీస్తే అద్దం లోపల నీళ్ళు అటూ ఇటూ కదిలాయి. మీట నొక్కాను. ఇంకోటి నొక్కాను. అన్నీ నొక్కాను. సందులోంచి తెల్లగా మజ్జిగ చుక్క కారింది తప్ప ఉలుకూ పలుకూ లేదు. అప్పుడే గడప మీద కూలబడ్డాను.

దాచుకోవడం దేనికి, నాకు ముందు పుట్టిన భయం డాక్టరమ్మ గురించే. మీటింగులో నిలబెట్టి ఈ ఫోన్ పట్టుకుని మాట్లాడమంటుందేమో అనిపించింది. రాజమండ్రి తీసుకెళ్ళి గుట్టుచప్పుడు కాకుండా బాగుచేయిస్తే సరి, రెండు రోజులు ఎవరికీ తెలియకుండా గడిపేస్తే సరి అనుకున్నాను. ఆ ఆలోచనలో ఉండగానే, అసలు ఇది ఎలా పడింది అన్న అనుమానం వచ్చింది.

"పిల్లి ఎక్కిందా అత్తయ్యా?"

"పిల్లెక్కడిదే? ఉట్టిలో తుమ్మెద దూరింది. గుర్రు గుర్రుమని ఒకటే రొద. చేతకర్రతో ఉట్టిని తట్టాను, పోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. అలా మూడుసార్లు. మూడోసారి మూత టప్పుమంది. బల్లి పడిందేమో అనుకున్నాను."

తుమ్మెద కాదు, ఫోన్. కుండలోనే ఉంచే గరిటె కాడ వల్ల మూత ఎప్పుడూ ఒకవైపు ఎత్తుగా ఉండేది. ఫోన్ వణికి వణికి, ఆ వాలులో కొంచెం కొంచెంగా జారి, మూతను ఒరగదోసి పెరుగులో పడింది. అంటే ఎవరో చేశారు. ఒకసారి కాదు, మూడుసార్లు. నేను ఎత్తలేదు.

"ఎప్పుడు? టైమెంత?"

"ఏమో నాకేం తెలుసు? మిల్లు పదకొండు గంటల కూత వేసింది చూడు, ఆ తర్వాత."

మా ఆయన వైపు చూశాను. ఆయన చెయ్యి అన్నంలో అలాగే ఉండిపోయింది. "ఎవరో ఊసుపోక చేసుంటారులే" అన్నాడు మెల్లగా.

"మూడుసార్లా? అవసరం లేకపోతే మూడుసార్లు ఎవరు చేస్తారండీ?"

ఆయన కంచం పక్కకు జరిపి లేచాడు.

నా లిస్టులో అప్పుడు నెలలు నిండినవాళ్ళు ముగ్గురు. ఇద్దరు ఊళ్ళోవాళ్ళు, అవసరమైతే మనిషిని పరుగెత్తిస్తారు తప్ప ఫోన్ చేయరు. మిగిలింది లంక మనిషి. పోనీ కాయిన్ బాక్సుకు చేసి అడుగుదామంటే ఆ నంబరు పెరుగులో పడ్డ ఫోన్‌లోనే ఉంది. డాక్టరమ్మ నంబరూ అందులోనే. ఫోన్ వచ్చిన సంబరంలో, నంబర్లు రాసుకున్న పాత చీటీని నేనే చింపేశాను. ఆరోగ్య కేంద్రంలో ల్యాండ్‌లైన్ వానలకు మూగబోయి వారమైంది. ఒకపక్క గోదావరికి ఎర్రనీరు వచ్చేసింది. ఆ పూట దాటితే పడవ కదలదు. తీరా వెళ్ళాక అక్కడ ఏమీ లేకపోతే వరద తగ్గేదాకా నేను లంకలో ఇరుక్కుపోతాను, ఇక్కడ ఇద్దరికీ దిక్కు ఉండదు. వెళ్ళకపోతే? వెళ్ళకపోతే ఏమవుతుందో ఆలోచించలేకపోయాను. "తప్పకుండా వత్తారు కదండి" అన్న మాటే చెవుల్లో గింగురుమంటోంది.

సంచీలో బీపీ మిషను, గ్లౌజులు, గుడ్డలు కుక్కుకున్నాను.

"ఏవండీ, మీరు సైకిలేసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళండి. జీపు రేవుకు పంపమనండి. లంక మనిషికి ప్రాణం మీదికొచ్చినట్టుందని చెప్పండి. ఫోన్ నేనే పాడుచేశానని కూడా చెప్పండి. దాచకండి."

ఆయన ఏదో అనబోయాడు. నోరు తెరిచి, నా ముఖం చూసి, మళ్ళీ మూసేశాడు. సైకిల్ తీసుకుని వెళ్ళిపోయాడు. అత్తగారు అప్పటికి విషయం అర్థమై, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని స్తంభానికి ఆనుకుని కూర్చుంది. "నేను కడిగేశానే, కడిగేశానే" అనుకుంటూ ఉంది.

రేవులో పడవ ఒడ్డుకు లాగి కట్టేసి ఉంది. పడవ నడిపే పెద్దాయన తాడు చుడుతున్నాడు.

"మీకేమన్నా మతిపోయిందాండి? నీళ్ళ రంగు సూసేరా? దుంగలు కొట్టుకొత్తన్నాయి. దింపితే మనం ఆనకట్ట కాడ తేల్తాం."

"నాకు ఫోన్ వచ్చింది బాబాయ్. మూడుసార్లు చేశారు. ఆ పిల్లకు బాగాలేదు."

"లంకలోంచేనా?"

నాకు తెలియదు కదా! "ఆ, లంకలోంచే" అన్నాను.

ఆయన నీళ్ళ వైపు చూశాడు, నా వైపు చూశాడు, గంగమ్మకు దండం పెట్టి తాడు విప్పాడు. "రెండు గంటల్లో తిరుక్కొచ్చేయాలండి. ఆ తర్వాత మీరు బతిమాలినా నేను రాను" అన్నాడు.

పాయ దాటడానికి మామూలుగా పావుగంట. ఆ రోజు మూడింతలు పట్టింది. ఎర్రటి నీళ్ళలో చెట్లు వేళ్ళతో సహా కొట్టుకొస్తున్నాయి. పడవ అంచు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. నాకు ఈత రాదు. గట్టు మీద పుట్టి గట్టు మీద పెరిగిన దాన్ని, సిగ్గులేకుండా చెబుతున్నాను, కళ్ళు మూసుకుని దేవుళ్ళందరినీ పిలిచాను.

సగం దాటాక పెద్దాయన, "అమ్మా, అటు సూడండి" అన్నాడు. లంక ఒడ్డున ఎవరో ఎర్ర చీర కర్రకు కట్టి ఊపుతున్నారు. ఆమె భర్తే. మేము ఒడ్డుకు తగలకముందే మొలలోతు నీళ్ళలోకి దిగి పడవను పట్టుకున్నాడు. అరిచి అరిచి గొంతు పోయింది.

ఇంట్లోకి వెళ్ళి చూస్తే ఆమె ముఖం పోల్చుకోలేనంతగా ఉబ్బింది. పొద్దున్నుంచీ తల పగిలిపోతోందట, కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయట. బీపీ చూశాను. మిషను తప్పు చూపిస్తోందేమోనని మళ్ళీ చూశాను. అదే. పక్కనే గోడ మీద నా బొగ్గు అంకెలు నన్నే చూస్తున్నాయి.

మంచంతో సహా పడవలోకి చేర్చాం. మధ్యలో ఆమెకు ఫిట్ వచ్చింది. పడవ ఊగుతోంది, ఆమె కొట్టుకుంటోంది, నేనూ ఆమె భర్తా పక్కకు తిప్పి పట్టుకున్నాం. నురగ తుడుస్తున్నాను, ఊపిరి ఉందో లేదో ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తున్నాను. చేతికి ఏమీ తెలియడం లేదు. పడవ అంతలా ఊగిపోతోంది. పెద్దాయన తెడ్డు వేస్తూనే ఉన్నాడు.

ఒడ్డున జీపు ఉంది. జీపు పక్కన ఎండలో గొడుగు లేకుండా డాక్టరమ్మ ఉంది. ఇంజక్షన్ అక్కడే చేసింది. వంతెన దాటి రాజమండ్రి ఆసుపత్రికి చేరేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోయేసరికి ఇంకా భయమేసింది. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. నా రెండు అరచేతుల్లో పట్టేంత పిల్ల. తల్లి మూడో రోజున కళ్ళు తెరిచింది.

వరండాలో బెంచీ మీద ఆమె భర్త నా కాళ్ళ మీద పడబోతే ఆపాను.

"నేను ఫోన్ ఎత్తలేదు బాబూ. మీరు మూడుసార్లు చేసినా ఎత్తలేదు. నన్ను తిట్టు" అన్నాను.

అతను అయోమయంగా చూశాడు. "ఫోనేంటండి? మేం సెయ్యలేదండి. సోమవారం గాలికి ఫోన్ తంబం పడిపోయి కాయిన్ బాక్సు పోయిందండి. అందుకే కదండి ఆ పొద్దున్నుంచీ సీర ఊపాను. మీకెలా తెలిసిందోనని మేమే అనుకుంటన్నాం."



ఎవరు చేశారు మరి? డాక్టరమ్మ తను చేయలేదంది. ఫోన్ మాత్రం తిరిగి అడిగి తీసుకుంది. "పెరుగన్నం తినిపించావటగా" అని ఒక్క మాట అని ఊరుకుంది. ఊళ్ళో ఎవరిని అడిగినా మేం కాదన్నారు. గంగమ్మ తల్లే చేసిందని అత్తగారు చనిపోయేదాకా నమ్మింది. ఉట్టిలో ఆ మూతకు బొట్టు కూడా పెట్టింది. నేను పైకి విసుక్కున్నా, లోపల కొంచెం నమ్మాను.

నా రిటైర్మెంటు సన్మానానికి లంక నుంచి ఆ తల్లీ కూతురూ వచ్చారు. పిల్లకు పద్నాలుగేళ్ళు. ఓణీ వేసుకుని, అరటిగెల మోయలేక మోస్తూ వచ్చి, మా ఆయన పక్కన కుర్చీలో కూర్చుని లడ్డూ తింది. ఆయన ఆ పిల్లను చూస్తూ తన కంచంలో ఏమీ ముట్టుకోలేదు. ఇంటికి వచ్చాక శాలువా మడతపెడుతుంటే నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ రోజు ఫోన్ చేసింది నేనే" అన్నాడు.

నేను శాలువా వదిలేశాను.

"మిల్లులో టీకి వదిలారు. తోటకూర తేనా, గోంగూర తేనా అడుగుదామని మిల్లు ఫోన్ నుంచి చేశాను. ఎవరూ ఎత్తలేదు. మూడుసార్లు చేసి, రెండూ తెచ్చేశాను."

"మరి అన్నం దగ్గరే చెప్పొచ్చు కదండీ!"

"చెబుదామనే అనుకున్నాను. నా వల్లే ఫోన్ పాడైందంటే నువ్వూ అమ్మా చెరోవైపు నుంచి నన్ను నమిలేస్తారని భయమేసింది. సైకిల్ మీద వెళ్తున్నంతసేపూ వెనక్కి వచ్చి చెప్పేద్దామనే అనుకున్నాను. డాక్టరమ్మ 'ఫోన్ వచ్చిందా' అని అడిగింది. వచ్చిందండీ అనేశాను. నీ పడవ పాయలో ఉండగా గట్టు మీద నిలబడి చూశాను. నువ్వు మునిగిపోతే నేను చంపినట్టే అనుకున్నాను."

పద్నాలుగేళ్ళు ఆ మాట కడుపులో పెట్టుకుని నా పక్కనే తిన్నాడు, నా పక్కనే పడుకున్నాడు. తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడు నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ఆయన్ని అడిగాను కూడా.

"మీరు ఆ పూట చెప్పేసి ఉంటే?"

"నువ్వు హమ్మయ్య అనుకుని అన్నానికి కూర్చునేదానివి" అన్నాడు.

అవును, కూర్చునేదాన్ని. తోటకూర కాడలు విరుస్తూ, లంకలోంచి ఫోన్ రాలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటూ. అవతల ఎర్ర చీర ఊగుతూనే ఉండేది. ఫోన్ పాడవకపోయినా అంతే జరిగేది. దాని మీద మా మిల్లు నంబరు కనపడేది, ఆయనే కదా అనుకుని పక్కన పెట్టేసేదాన్ని.

అందుకే పిల్లలూ, మీ చేతుల్లో ఇప్పుడు ఎన్నెన్ని ఫోన్లున్నా, ఈ ముసలిదాని మాట ఒకటి వినండి. మోగే ఫోన్‌కు భయపడకండి, వెళ్ళి ఎత్తితే సరిపోతుంది. ఎవరి ఇంటి నుంచి పది రోజులుగా ఫోన్ రాలేదో, ముందు ఆ ఇంటికి వెళ్ళండి. ఆ ఏడాది నుంచి రిటైరయ్యేదాకా నేను వారం వారం ఆ పాయ దాటాను. ఈత మాత్రం నేర్చుకోలేదు. ప్రతిసారీ కళ్ళు మూసుకునే కూర్చున్నాను.